షోరూమ్‌లో నిలబెట్టిన కారు ఎవరిది?

2025 సెప్టెంబర్ 22న కార్ల మీద జీఎస్టీ తగ్గింది. చిన్న కార్లకు 28 శాతం ఉన్నది 18కి వచ్చింది, పెద్ద కార్లకు పన్నూ సెస్సూ కలిపి 50 శాతం దాకా ఉన్నది 40 దగ్గర ఆగింది, జీఎస్టీ పైన అదనంగా వేసే పరిహార సెస్సు పూర్తిగా ఎత్తేశారు. దసరా ముందు వచ్చిన కబురు కాబట్టి కొనేవాళ్లు సంబరపడ్డారు, షోరూమ్‌లు కిటకిటలాడాయి. అదే రోజు దేశమంతా ఉన్న కార్ల డీలర్లకు మాత్రం ఒక పెద్ద చిక్కు మెడకు చుట్టుకుంది. అప్పటికే వాళ్లు కంపెనీల దగ్గర సెస్సు కట్టి మరీ కొని తెచ్చుకున్న కార్లు గోదాముల్లో ఉన్నాయి. మామూలుగా అయితే కారు అమ్మినప్పుడు కస్టమర్ నుంచి వసూలు చేసే సెస్సులో ఆ డబ్బు సర్దుబాటు అయిపోయేది. ఇప్పుడు వసూలు చేయడానికి సెస్సే లేదు, కట్టింది వెనక్కి రాదు. డీలర్ల సంఘం ఫాడా లెక్క ప్రకారం అలా ఇరుక్కున్న మొత్తం దాదాపు 2,500 కోట్ల రూపాయలు.

ఈ విషయం వార్తల్లో రెండు మూడు రోజులు నలిగి వెళ్లిపోయింది. కంపెనీలు కస్టమర్లకు నేరుగా కార్లు అమ్మాలా, డీలర్లు ఉండాలా అన్న చర్చ మాత్రం నా దృష్టిలో ఇక్కడే మొదలుకావాలి. చాలామంది ఈ చర్చను ధర దగ్గర మొదలుపెడతారు, మధ్యలో దళారీ పోతే కారు చవకగా వస్తుందని. ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. షోరూమ్‌లో అద్దాల వెనక నిలబెట్టిన ఆ కారు ఎవరిది? కంపెనీ బోర్డు, కంపెనీ రంగులు, సేల్స్ కుర్రాళ్ల చొక్కాల మీద కంపెనీ గుర్తు చూసి కంపెనీదే అనుకుంటాం. కానీ అది డీలర్‌ది. అతను బ్యాంకులో అప్పు తెచ్చి కంపెనీకి డబ్బు ముందే కట్టేసి కొనుక్కున్న సరుకు. అది అమ్ముడుపోయినా పోకపోయినా, దాని మీద నెలనెలా వడ్డీ అతనిది.

కంపెనీలు ప్రతి నెలా ఒకటో తేదీన గొప్పగా ప్రకటించే అమ్మకాల్లో చాలావరకు ఫ్యాక్టరీ నుంచి డీలర్లకు పంపిన కార్ల లెక్క. మనబోటివాళ్లు కొన్న లెక్క వేరేగా రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో, రిజిస్ట్రేషన్ల రూపంలో తేలుతుంది. (తెలంగాణ చాలా ఏళ్లు ఆ పోర్టల్‌లో చేరలేదు కాబట్టి ఫాడా నెలవారీ లెక్కల కింద 'తెలంగాణ మినహా' అని రాసేవాళ్లు. హైదరాబాద్ లాంటి పెద్ద మార్కెట్ లేకుండానే దేశం లెక్క తేల్చడం అన్నమాట.) ఈ రెండు లెక్కల మధ్య తేడా పెరిగినప్పుడు ఆ తేడా అంతా డీలర్ల స్థలాల్లో ఎండకూ వానకూ నిలబడి ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో ఫాడా చెప్పిన ప్రకారం అలా నిలబడ్డ కార్లు 7.9 లక్షలు, విలువ 79,000 కోట్ల రూపాయలు. అంటే 80 నుంచి 85 రోజుల అమ్మకాలకు సరిపడా సరుకు. కొత్త కారు అక్కర్లేకపోయినా ఎందుకు తీసుకుంటారని అడిగితే ఏ డీలరైనా చెప్పే జవాబు ఒక్కటే, తీసుకోకపోతే బాగా అమ్ముడయ్యే మోడల్ ఇవ్వరు.

ఇది కొత్త కథేం కాదు, వందేళ్ల నాటిది. హెన్రీ ఫోర్డ్ 1919లో మిగతా వాటాదారులందరి వాటాలూ కొనేయడానికి పెద్ద అప్పు చేశాడు. ఆ వెంటనే యుద్ధానంతర మాంద్యం వచ్చి 1920-21లో కార్లు కొనేవాళ్లు కరువయ్యారు. బ్యాంకుల దగ్గర కొత్త అప్పుకు చేయి చాచడం ఇష్టంలేని ఫోర్డ్, అడగని మోడల్ టీ కార్లను రైళ్లలో ఎక్కించి డీలర్లకు పంపించేశాడు. దించుకోవాలంటే డబ్బు కట్టాలి, కట్టకపోతే డీలర్‌షిప్ పోతుంది. వాళ్లు వాళ్ల ఊరి బ్యాంకులకు పరుగెత్తి అప్పు తెచ్చి కట్టారు. అంటే ఫోర్డ్ చేయాల్సిన అప్పు అమెరికా అంతటా వేలమంది చిన్న వ్యాపారులు తలా ఇంత చేశారు.

1930ల మహా మాంద్యంలో ఇలాంటివే మళ్లీ జరిగేసరికి డీలర్లు సంఘాలుగా కూడారు, రాష్ట్రాల శాసనసభల చుట్టూ తిరిగారు, చట్టాలు తెచ్చుకున్నారు. 1956లో ఫెడరల్ స్థాయిలో కూడా ఒక చట్టం వచ్చింది, కంపెనీ అన్యాయంగా ప్రవర్తిస్తే డీలర్ కోర్టుకెక్కవచ్చని. ఆ తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటీ ముందుకెళ్లి, కార్ల కంపెనీ తన డీలర్లకు పోటీగా సొంతంగా షోరూమ్ పెట్టకూడదని రాశాయి. ఆలోచిస్తే ఇది న్యాయమే. ఒకడు అప్పులు చేసి ఊళ్లో మీ కారుకు పేరు తెస్తే, పేరొచ్చాక మీరే పక్క వీధిలో దుకాణం తెరిచి అతన్ని ముంచకూడదు కదా.

చిక్కెక్కడొచ్చిందంటే, ఆ చట్టాలు చాలా రాష్ట్రాల్లో డీలర్లున్న కంపెనీకీ అసలు డీలర్లే లేని కంపెనీకీ తేడా చూపలేదు. టెస్లా వచ్చింది. అది ఏ డీలర్‌నీ పెట్టుకోలేదు, కాబట్టి ఏ డీలర్‌నీ ముంచే ప్రశ్న లేదు. అయినా న్యూజెర్సీలో 2014 మార్చిలో అమ్మకాలు ఆపమన్నారు, ఏడాది తర్వాత చట్టం మార్చి నాలుగు షోరూమ్‌లకు అనుమతిచ్చారు. మిషిగన్‌లో 2014 అక్టోబర్‌లో తలుపు ఇంకా గట్టిగా మూశారు, టెస్లా కోర్టుకు వెళ్లి 2020లో రాజీ కుదుర్చుకుంది. మసాచుసెట్స్ సుప్రీం కోర్టు మాత్రం 2014లోనే సూటిగా చెప్పింది, ఆ చట్టం ఉన్నది కంపెనీ నుంచి దాని సొంత డీలర్లను కాపాడటానికి, వేరే బ్రాండ్ డీలర్లకు టెస్లా మీద దావా వేసే హక్కు లేదు అని. నాకు ఇదే సరైన తీర్పు అనిపిస్తుంది. న్యూ మెక్సికోలో అయితే రాష్ట్ర చట్టం వర్తించని ఆదివాసీ తెగల భూమిలో టెస్లా షోరూమ్ తెరిచింది.

అన్నిటికన్నా విచిత్రమైనది టెక్సస్. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, వాళ్లకు ఇది బాగా తెలిసిన విషయం. 2021లో టెస్లా ప్రధాన కార్యాలయం ఆస్టిన్‌కు మారింది, 2022 ఏప్రిల్‌లో అక్కడ పెద్ద ఫ్యాక్టరీ తెరిచారు. ఆ ఫ్యాక్టరీలో తయారైన కారును ఆస్టిన్‌లోనే ఉండే మనిషి కొనాలన్నా కాగితాల మీద అది వేరే రాష్ట్రంలో జరిగిన అమ్మకంగా సాగాలి. చాలా ఏళ్లు అక్కడి టెస్లా గ్యాలరీల్లో కారును చూపించొచ్చు గానీ ధర గురించి మాట్లాడకూడదు, నడిపి చూడటానికి ఇవ్వకూడదు. బలహీనుణ్ని కాపాడటానికి పుట్టిన చట్టం, డీలర్లు కోట్ల డాలర్ల వ్యాపారులయ్యాక, వాళ్ల దుకాణానికి కంచెగా మారిపోయింది. దీనివల్ల కొనేవాడికి ఒరిగిందేమిటో ఎంత వెతికినా నాకు కనిపించదు.

మన దేశంలో పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ డీలర్‌ను కాపాడే ప్రత్యేక చట్టమే లేదు. 2017 చివర్లో జనరల్ మోటార్స్ ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబర్ 9న ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఫాడా అప్పుడు చెప్పిన లెక్క చూడండి. ఫోర్డ్‌కు 170 మంది డీలర్లు, 391 షోరూమ్‌లు, డీలర్లు పెట్టిన పెట్టుబడి దాదాపు 2,000 కోట్లు, వాటిల్లో పనిచేసేవాళ్లు 40,000 మంది. అందులో చివరి కొన్ని నెలల్లో కొత్తగా డీలర్‌షిప్ తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారని సంఘం వాపోయింది. ఫ్రాంచైజీ రక్షణ చట్టం కావాలని ఫాడా ఏళ్లుగా అడుగుతోంది. కంపెనీ రాసిచ్చిన ఒప్పందం మీద సంతకం పెట్టడం తప్ప డీలర్‌కు వేరే దారి లేని చోట, కంపెనీ పోతూ పోతూ ఎంత ఇస్తే అంత.

అందుకే మెర్సిడెస్ బెంజ్ ఇండియా 2021 అక్టోబర్‌లో చేసిన మార్పు నాకు ముఖ్యమైనదిగా తోస్తుంది, లగ్జరీ కార్ల సంగతి మనకెందుకులే అని వదిలేయడానికి వీల్లేదు. వాళ్లు డీలర్లను తీసేయలేదు. సరుకు యాజమాన్యాన్ని తీసేసుకున్నారు. కార్లన్నీ కంపెనీవే, దేశమంతటికీ ఒకటే స్టాకు, కస్టమర్ పేరు మీద ఇన్‌వాయిస్ ఇచ్చేది కంపెనీయే, ఎక్స్‌షోరూమ్ ధర హైదరాబాద్‌లో అయినా ఢిల్లీలో అయినా ఒకటే. పాత డీలర్లు కారు చూపిస్తారు, నడిపిస్తారు, డెలివరీ ఇస్తారు, సర్వీస్ చేస్తారు, కారుకింత అని కమీషన్ తీసుకుంటారు. సరుకు మీద వడ్డీ భారం వాళ్ల నెత్తి మీది నుంచి దిగిపోయింది. మొదట్లో చెప్పిన సెస్సు లాంటి దెబ్బ తగిలితే తట్టుకోవాల్సింది కంపెనీ. రేపు ఏ మోడల్ అయినా అమ్ముడుపోకపోతే ఆ నష్టం కూడా దాన్ని తయారుచేయాలని నిర్ణయం తీసుకున్న కంపెనీదే. ఎక్కువ తయారుచేసి పక్కవాడి స్థలంలో పారేసి 'రికార్డు అమ్మకాలు' అని చెప్పుకునే వీలు అక్కడితో పోతుంది.

మరి కొనేవాడి సంగతి? ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే నేరుగా అమ్మకం అనగానే 'పారదర్శకత' అనే మాట పెట్టి కంపెనీలు చాలా దాటవేస్తాయి.

మారుతీ సుజుకీ మీద, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో 200 కోట్ల జరిమానా వేసింది. తప్పేమిటంటే, తాము చెప్పినదానికన్నా ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వొద్దని డీలర్లను కట్టడి చేయడం, కస్టమర్ల వేషంలో మనుషుల్ని పంపి ఎవరు ఎక్కువ తగ్గిస్తున్నారో కనిపెట్టి జరిమానాలు వేయడం. డీలర్ సొంత డబ్బుతో కొన్న సరుకు, తన లాభంలోంచి ఎంత వదులుకుంటాడో అతని ఇష్టం, పక్క డీలర్‌తో అతని పోటీ వల్లే కొనేవాడికి ధర తగ్గుతుంది, దాన్ని కంపెనీ ఆపకూడదు అన్నది కమిషన్ వాదన. ఇప్పుడు అదే పని నేరుగా అమ్మే కంపెనీ చేస్తే? అమ్మేది అదే కాబట్టి తన సరుకుకు తాను దేశమంతా ఒకే ధర పెట్టుకోవచ్చు, అందులో ఈ తరహా తప్పేమీ ఉండదు. మారుతీకి జరిమానా పడ్డ ఫలితమే ఇక్కడ చట్టబద్ధంగా చేతికొస్తుంది. నాలుగు షోరూమ్‌లు తిరిగి, ఒకడు ఇచ్చిన కొటేషన్ ఇంకొకడికి చూపించి, నెలాఖరు దాకా ఆగి, టార్గెట్ కోసం ఆత్రపడే సేల్స్ మేనేజర్ దగ్గర ఇంకో పదిహేను వేలు తగ్గించుకునే అవకాశం పోతుంది. కంపెనీ తగ్గిస్తే తగ్గినట్టు, లేకపోతే లేదు.

టెస్లా అనుభవం కూడా ఇదే చెబుతుంది. 2023 జనవరిలో అమెరికాలో మోడల్ వై లాంగ్ రేంజ్ ధర 65,990 డాలర్ల నుంచి ఒక్కసారిగా 52,990కి దించారు. ముందు వారం కొన్నవాళ్ల సంగతేంటి? చైనాలో అయితే ధరలు తగ్గించిన తర్వాత పాత కొనుగోలుదారులు షోరూమ్‌ల ముందు గుమిగూడి గొడవ చేశారు. బేరం లేదు సరే, కానీ ఒకే ధర అంటే నిలకడ ఉన్న ధర అని అర్థం కాదు. ధర మీద పూర్తి పెత్తనం ఒక్కరి చేతిలోకి పోతుంది, అంతే.

అయినా బేరం గురించి మనం మరీ బెంగపడిపోవాల్సిన పని లేదని నా అభిప్రాయం. బేరం వల్ల లాభపడేది ఎవరు? నాలుగు చోట్ల తిరిగే తీరిక, మాట్లాడే ధైర్యం, తెలిసినవాళ్ల పలుకుబడి ఉన్నవాళ్లు. మా పిన్ని కొడుకు పోయినేడాది ఖమ్మంలో మొదటి కారు కొన్నాడు. ఒక షోరూమ్‌వాళ్లు ఇచ్చిన కాగితంలో ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కింద 'హ్యాండ్లింగ్ చార్జీలు' అని ఒక వరుస ఉంది, దాని కింద అడగని యాక్సెసరీస్ కిట్ ఒకటి. ఇదేంటని అడిగితే "అది అందరికీ ఉంటుంది సార్, సిస్టమ్‌లోనే వస్తుంది" అన్నారు. వాడు నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, గట్టిగా అడిగితే డెలివరీ లేట్ చేస్తారేమో, ముహూర్తం పెట్టుకున్నాం కదా" అని కట్టేశాడు. మోటారు వాహన చట్టంలో హ్యాండ్లింగ్ చార్జీ అనే రుసుము లేదు. ఇన్సూరెన్స్ ఎక్కడైనా తీసుకునే హక్కు కొనేవాడికి ఉంది, బీమా నియంత్రణ సంస్థ 2017లో డీలర్ల బీమా అమ్మకాలకు నిబంధనలు పెట్టినప్పుడే అది స్పష్టంగా ఉంది. ఇవన్నీ తెలిసినా ముహూర్తం ముందు రోజు ఎవరు కొట్లాడతారు? ఒకడు బేరంలో సాధించిన పదిహేను వేలు ఇంకొకడి హ్యాండ్లింగ్ చార్జీల్లోంచే వచ్చాయేమో.

ఇందులో డీలర్‌ను దొంగ అనేసి ఊరుకోవడం కూడా అన్యాయమే. కారు మీద అతనికి మిగిలేది కొద్ది శాతం. అందులోంచే డిస్కౌంట్ ఇవ్వాలి, వడ్డీ కట్టాలి, కంపెనీ చెప్పినట్టు రెండు మూడేళ్లకోసారి షోరూమ్ రూపు మార్చాలి. అందుకే ఇన్సూరెన్స్ కమీషన్, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, లోన్ ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చేది, వీటి మీద పడతాడు. కంపెనీ అతని మెడ మీద పెట్టిన బరువు అతను మన మెడ మీదికి దించుతాడు. సరుకు కంపెనీదైతే ఈ ఒత్తిడిలో సగం పోతుంది.

కానీ నాకు నేరుగా అమ్మకంలో నిజంగా విలువైనదిగా కనిపించేది ధర కాదు, ఇన్‌వాయిస్ మీద పేరు. 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఉంది. గోవాలో ఒకాయన 2011 మోడల్ టాటా కారు కోసం డబ్బు కట్టాడు, డీలర్ అతనికి 2009లో తయారైన పాత కారు అంటగట్టాడు. కింది వినియోగదారుల ఫోరాలు కంపెనీ కూడా బాధ్యురాలే అన్నాయి. సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు. కంపెనీ, డీలర్ వేర్వేరు వ్యాపారులు, కారు డీలర్‌కు అమ్మేసిన తర్వాత డీలర్ చేసిన మోసం కంపెనీకి తెలిసినట్టు రుజువు లేనప్పుడు కంపెనీని పట్టుకోలేం అంది. ఒప్పందాల చట్టం ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు. కానీ కొన్నవాడి వైపు నుంచి చూడండి. టీవీలో ప్రకటన చూసి కంపెనీ పేరు మీద నమ్మకంతో వెళ్లాడు, బోర్డు చూసి లోపలికి అడుగుపెట్టాడు. తేడా వచ్చేసరికి ఆ పేరుకూ ఈ అమ్మకానికీ సంబంధం లేదన్నారు. విత్తనాలు మొలకెత్తకపోతే డీలరు కంపెనీని, కంపెనీ డీలరును చూపించే తంతు మన రైతులకు కొత్త కాదు, అదే ఇక్కడ లక్షల రూపాయల కారుకు జరుగుతోంది. అమ్మింది కంపెనీయే అయితే ఈ తప్పించుకునే సందు మూసుకుపోతుంది. అమ్మినవాడూ చేసినవాడూ ఒక్కడే, చూపించడానికి ఇంకో వేలు ఉండదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తానుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉందా పుణెలో ఉందా అన్నది అడ్డు కాదు.

ఇంతవరకూ చదివి నేను నేరుగా అమ్మకాలకు జై కొడుతున్నాననుకుంటే ఓలా ఎలక్ట్రిక్ సంగతి కూడా చూడాలి. అది కారు కాదు, స్కూటర్, కానీ మన దేశంలో ఈ పద్ధతికి ఇంతకన్నా పెద్ద ప్రయోగం జరగలేదు. 2021 జులైలో 499 రూపాయలకు బుకింగ్ తెరిస్తే ఒక్కరోజులో లక్ష వచ్చాయని కంపెనీ చెప్పింది. డీలర్ అన్నవాడే లేడు, ఆన్‌లైన్‌లో కొనడమే, తర్వాత ఊరూరా పెట్టిన షోరూమ్‌లూ కంపెనీవే. కొన్నాళ్లు ఎలక్ట్రిక్ స్కూటర్లలో తిరుగులేని మొదటి స్థానం. స్కూటర్లు రోడ్డెక్కడం మొదలైన తర్వాత అసలు కథ బయటపడింది. రిపేరుకిచ్చిన బండ్లు వారాలూ నెలలూ దుమ్ము పట్టి నిలబడ్డాయి. 2024 సెప్టెంబర్‌లో కర్ణాటకలోని కలబురగిలో ఒక కస్టమర్ విసిగిపోయి షోరూమ్‌కే నిప్పు పెట్టాడు. అది నేరమే, సమర్థించలేం, కానీ మనిషి అంతదాకా ఎందుకు వెళ్లాడన్నది కంపెనీలన్నీ ఆలోచించాల్సిన విషయం. తర్వాతి నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కంపెనీకి నోటీసు ఇచ్చింది, ఒక్క ఏడాదిలో జాతీయ హెల్ప్‌లైన్‌కు ఆ కంపెనీ మీద వచ్చిన ఫిర్యాదులు 10,644. దాదాపు అన్నీ పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. 2025 మే నాటికి టీవీఎస్ దాన్ని దాటి ముందుకెళ్లింది, బజాజ్ కూడా. ఈ రెండూ ఊరూరా పాతుకుపోయిన డీలర్ల మీద నడిచే కంపెనీలు.

దీనికి ఒకటే కారణం చెప్పడం తేలిక కాదు, బండి నాణ్యత ఉంది, ధరలున్నాయి. అయినా డీలర్ లేకపోవడం వల్ల పోయిందేమిటో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నరసరావుపేటలోనో శ్రీకాకుళంలోనో డీలర్ అంటే ఆ ఊళ్లో ఉండే మనిషి. అతని పిల్లలు మన పిల్లలు చదివే బడిలోనే చదువుతారు, పెళ్లిళ్లలో ఎదురుపడతాడు, రేపు మన తమ్ముడికి కూడా బండి అమ్మాలి. సర్వీస్ సరిగ్గా చేయకపోతే అతని పేరు పోతుంది. కంపెనీ జీతగాడైన స్టోర్ మేనేజర్‌కు ఆ భయం లేదు. అతనేం చేయగలడు, టికెట్ రైజ్ చేశాను సార్, హెడ్ ఆఫీస్ నుంచి పార్ట్ రావాలి అంటాడు, అతను చెప్పేది నిజమే కూడా. యాప్‌లో 'ప్రాసెస్‌లో ఉంది' అని ఒక పచ్చ గీత కనిపిస్తూ ఉంటుంది. బండి మాత్రం రాదు.

టెస్లా కూడా ఈ పాఠం ఒకసారి నేర్చుకుంది. 2019 ఫిబ్రవరి చివర్లో షోరూమ్‌లు చాలావరకు మూసేసి అమ్మకాలన్నీ ఆన్‌లైన్‌లోకి మారుస్తామని ప్రకటించి, పది రోజులు గడిచాయో లేదో వెనక్కి తగ్గి, చాలా షోరూమ్‌లు ఉంచుతాం, అందుకు ధరలు కొంచెం పెంచుతాం అంది. యూరప్‌లో మెర్సిడెస్ చేసినట్టే సరుకు కంపెనీది, డీలర్‌కు కమీషన్ అనే ఏజెన్సీ పద్ధతికి మారతామని ఆర్భాటంగా ప్రకటించిన జాగ్వార్ ల్యాండ్ రోవర్, స్టెలాంటిస్ లాంటివి తర్వాత వెనకడుగు వేశాయి. డీలర్ అప్పు చేసి మోసిన సరుకు ఖర్చు, అతను చేసిన పనుల ఖర్చు తమ పద్దుల్లోకి వస్తే ఎంత బరువో వాళ్లకు అప్పుడు తెలిసింది. దళారీ పోతే అతని లాభం మనకు మిగులుతుందనే లెక్కలో ఇదే లోపం. మనిషి పోయినా పని పోదు, ఎవరో ఒకరు చేయాలి, దానికి డబ్బవుతుంది.

2025 జులై 15న టెస్లా ముంబైలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో మొదటి షోరూమ్ తెరిచింది, మోడల్ వై ధర 59.89 లక్షల దగ్గర మొదలు, షాంఘై నుంచి దిగుమతి. అమెరికాలో లాగా ఇక్కడ దాన్ని ఆపే డీలర్ల చట్టం లేదు, ఆపాలని నేనూ అనను. ధర అంత ఉన్నది దిగుమతి సుంకం వల్ల, అమ్మే పద్ధతికి దానితో సంబంధం లేదు. నా ప్రశ్న వేరు. నేరుగా అమ్ముకునే స్వేచ్ఛ ఇస్తున్నప్పుడు ప్రభుత్వం బదులుగా ఏమడుగుతోంది? ప్రస్తుతానికి దాదాపు ఏమీ లేదు, ఇంకా రిజిస్టర్ కాని బండ్లు ఉంచుకుని అమ్మడానికి రవాణా శాఖ ఇచ్చే ట్రేడ్ సర్టిఫికెట్ తప్ప. ఓలా విషయంలో ఆ ఒక్కటీ చాలా షోరూమ్‌లకు లేదని 2025లో మహారాష్ట్ర లాంటి చోట్ల అధికారులు తనిఖీలు చేశాకే తెలిసొచ్చింది.

అడగాల్సినవి అడిగితే పెద్ద కష్టమైనవేం కావు. ఒక జిల్లాలో ఫలానా సంఖ్య దాటి బండ్లు రిజిస్టర్ అయ్యాయంటే ఆ జిల్లాలో సర్వీస్ సెంటర్ ఉండాలి, లేకపోతే కొత్త రిజిస్ట్రేషన్లు ఆగాలి. రిజిస్ట్రేషన్ల లెక్క రవాణా శాఖ దగ్గర ఎలాగూ ఉంటుంది, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. వారంటీలో ఉన్న బండి ఇన్ని రోజులకు మించి సర్వీస్ సెంటర్‌లో ఉండిపోతే వేరే బండి ఇవ్వాలి, లేదా రోజుకింత చొప్పున కట్టాలి. విడిభాగాలు బయటి మెకానిక్‌లకు కూడా అమ్మాలి. కాంపిటీషన్ కమిషన్ 2014లోనే 14 కార్ల కంపెనీల మీద దీని గురించి 2,544 కోట్ల జరిమానా వేసింది, అయినా ఈ రోజుకీ చాలా పార్టులు బయట దొరకవు, ఎలక్ట్రిక్ బండ్లకైతే మరీ కష్టం. ఊళ్లో కంపెనీ సెంటర్ చేతులెత్తేస్తే మన మెకానిక్ అయినా చేయగలగాలి, అతనికి పార్టు, సాఫ్ట్‌వేర్ రెండూ అందాలి.

ఇవే షరతులు డీలర్ల ద్వారా అమ్మే కంపెనీలకూ పెట్టాలి, ఒకదాన్ని వదలడానికి వీల్లేదు. డీలర్ల కంపెనీలకు ఇంకొకటి అదనంగా ఉండాలి. అమ్ముడుపోని సరుకు ఇన్ని రోజులు దాటితే కంపెనీ వెనక్కి తీసుకోవాలి, లేదా వడ్డీ తాను కట్టాలి. దేశం వదిలిపోయే కంపెనీ డీలర్ పెట్టుబడిలో మిగిలినదానికి లెక్క చెప్పి మరీ పోవాలి. అప్పుడు నేరుగా అమ్మే పద్ధతికీ డీలర్ పద్ధతికీ పోటీ సమానంగా ఉంటుంది, ఏది చవకో ఏది మంచి సర్వీసో కొనేవాడు తేల్చుకుంటాడు. ఇప్పుడున్న స్థితిలో డీలర్‌ను ఉంచుకున్న కంపెనీ నష్టాన్ని అతని మీదికి తోస్తోంది, డీలర్ లేని కంపెనీ కొన్నవాడి మీదికి తోస్తోంది.

జీఎస్టీ తగ్గిన నాటి ఆ 2,500 కోట్ల సెస్సు విషయంలో డీలర్లకు ఊరట ఇవ్వాలని ఫాడా కేంద్రాన్ని కోరింది. కేంద్రం ఏదైనా దారి చూపిస్తే మంచిదే. కానీ కంపెనీలను కూడా అదే గట్టిగా అడగాలి, ఎందుకంటే ఆ కార్లు పండగకు అమ్ముడవుతాయని అంచనా వేసి అంత సరుకు పంపింది వాళ్లు. ఆ నష్టంలో వాటా తీసుకోమని మన రెండు తెలుగు రాష్ట్రాల డీలర్ల సంఘాలు కంపెనీలను బహిరంగంగా అడిగితే, కొనేవాళ్లుగా మనం వాళ్ల పక్షాన నిలబడాలి. హ్యాండ్లింగ్ చార్జీలు ఎత్తేయమని మనం అడిగే రోజున వాళ్లూ మన పక్షాన మాట్లాడాలి.